ఒడ్డు కోసుకుపోతున్న ఊళ్లో ఏమి అడగాలి, ఎలా అడగాలి

శ్రీకాకుళం జిల్లా తీరంలో మొదటిసారి ప్రశ్నావళి పట్టుకుని కూర్చున్న రోజున, ఇసుకలో వల పరుచుకుని తెగిన కన్నులు అల్లుకుంటున్న ఒక పెద్దాయనను "వాతావరణ మార్పు కారణంగా మీ కుటుంబంలో ఎవరైనా వలస వెళ్లారా?" అని అడిగాను. ఆయన చేతిలో పని ఆపకుండానే "మా ఇంట్ల వలసెల్నోల్లు ఎవులూ నేరు బావూ" అన్నాడు. నేను ఆ గడిలో సున్నా వేసుకున్నాను. సాయంత్రం టీ బడ్డీ దగ్గర మాటల్లో తెలిసిందేమిటంటే, ఆయన ఇద్దరు కొడుకులూ ఒక అల్లుడూ అప్పటికి ఏడు నెలలుగా గుజరాత్‌లోని వీరావల్ రేవులో బోట్ల మీద పని చేస్తున్నారు. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఆ ఊళ్లో వలస అంటే తిండి గడవక, పిల్లాజెల్లాతో ఇంటికి తాళం వేసి పోవడం. కొడుకులు వెళ్లింది వేటకు. ఇంటి ముందున్న బంగాళాఖాతంలో చేసినా, దేశానికి ఆ చివరనున్న అరేబియా సముద్రంలో చేసినా చేపల వేట వేటే.

ఆ సున్నాను సరిదిద్దుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. తీరగ్రామాల్లో వాతావరణ మార్పు గురించీ, దానికి జనం చేసుకుంటున్న సర్దుబాట్ల గురించీ, ఊరు విడిచి వెళ్లడం గురించీ అధ్యయనం చేయబోయే విద్యార్థులకు, సర్వే సిబ్బందికి ఉపయోగపడుతుందని ఈ సూచనలు రాస్తున్నాను. ఇవి ప్రధానంగా ఇచ్ఛాపురం నుంచి కాకినాడ దగ్గరి ఉప్పాడ దాకా ఉన్న తీరంలో నేర్చుకున్నవి. వీటన్నిటికీ మూలం ఒక్కటే: మనం తేల్చదలచుకున్న విషయం పేరును మన నోటితో ఎత్తకూడదు. సముద్రం, ఇల్లు, పడవ, అప్పు, పెళ్లి, చదువు గురించి మాట్లాడించి, వాటి మధ్య ఉన్న ముడిని తర్వాత మనం విప్పుకోవాలి.

బయలుదేరే నెల

ఏ నెలలో వెళ్తున్నామన్నది ఎవరిని కలుస్తామో నిర్ణయిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. పడమటి తీరంలో ఆ నిషేధం జూన్, జూలై నెలల్లో వస్తుంది. కాబట్టి ఉత్తరాంధ్ర ఊళ్లలో ఏప్రిల్ చివర వెళితే స్థానిక బోట్లవాళ్లు ఇంటి దగ్గర దొరుకుతారు గాని గుజరాత్ వెళ్లినవాళ్లు ఇంకా అక్కడే ఉంటారు. జూన్ మధ్యకు వెళితే వాళ్లు తిరిగి వచ్చి ఉంటారు, సరిగ్గా అప్పుడే స్థానికులు సముద్రం మీదికి పోతారు. రెండు వర్గాలూ ఒకేసారి ఊళ్లో ఉండే రోజులు జూన్ మొదటి రెండు వారాలే. సెలవుల ప్రకారం డిసెంబరులో వెళ్లి, నాలుగు రోజుల్లో నూరు ఇళ్లు పూర్తి చేసుకుని వచ్చే పరిశోధకుడికి తెలియకుండానే అతని నమూనాలో ముసలివాళ్లు, ఆడవాళ్లు, బడిపిల్లలు మాత్రమే మిగులుతారు. అతను "ఈ ఊళ్లో యువకులు తక్కువ" అని రాసుకుని వస్తాడు.

రోజులో వేళ కూడా అంతే ముఖ్యం. పడవలు ఒడ్డుకు చేరే పొద్దున్నే వేలంపాట నడుస్తుంటుంది. ఆ గంటన్నర సమయంలో ఎవరినీ పలకరించకూడదు. చేపల ధర ఆ నిమిషంలో తేలుతుంది, మన ప్రశ్న వల్ల ఒక గంప తక్కువకు పోతే ఆ నష్టం మనం తీర్చేది కాదు. మగవాళ్లు మధ్యాహ్నం నిద్రపోతారు. ఆడవాళ్లు గంపలతో సంతకో ఆటోకో వెళ్లిపోతారు. సాయంత్రం నాలుగు దాటాక, వలలు బాగుచేసుకునే చోట దొరికే మాటే మంచి మాట, ఎందుకంటే చేతులు పనిలో ఉన్న మనిషి కళ్లలోకి చూసి జవాబు చెప్పాల్సిన ఇబ్బంది లేకుండా మాట్లాడతాడు.

వెళ్లే ముందు చదవాల్సిన గణాంకాల గురించి ఒక హెచ్చరిక చేయాలి. 2011 జనగణనలో వలసకు కారణాలుగా పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టిన తర్వాత మారడం, కుటుంబంతో కలిసి మారడం, ఇతరములు అన్న గడులు మాత్రమే ఉన్నాయి. 1991 జనగణనలో ఉన్న ప్రకృతి వైపరీత్యాలు అన్న గడి 2001 నుంచే కనిపించదు. అంటే తుపానుకు ఇల్లు పోయి ఊరు మారినవాడు "ఇతరములు"లోకి గాని "పని"లోకి గాని వెళ్లిపోతాడు. 2007-08 నాటి జాతీయ నమూనా సర్వే తాత్కాలిక వలసను లెక్కించింది గాని, నెల రోజులకు పైన ఆరు నెలలకు లోపు ఊరు విడిచి ఉన్నవారినే ఆ గడిలో పెట్టింది. మన వీరావల్ కలాసీ, అంటే బోటు మీద పనిచేసే కూలీ, ఆగస్టులో వెళ్లి మే చివర వస్తాడు, దాదాపు పది నెలలు. అతను తాత్కాలిక వలసలో పట్టడు. ఆరు నెలల నియమం పెడితే నివాసమే మారినట్టు లెక్క. కాని అతని ఓటు, రేషన్ కార్డు, ఇల్లు, భార్యాబిడ్డలు అందరూ ఇక్కడే. మీ సర్వేలో ఈ మనిషికి ఒక గడి మీరే తయారు చేసుకోవాలి. నేను "సీజన్‌కు వెళ్లి వచ్చేవారు" అని పెట్టుకున్నాను, ఊళ్లోవాళ్లకు అది వెంటనే అర్థమైంది.

ఊళ్లోకి

శ్రీకాకుళం తీరంలో నోటుపుస్తకం, జీపీఎస్ పట్టుకుని తిరిగే కొత్త మనిషిని చూసి జనం అనుమానించడానికి చరిత్ర ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమాల మీద 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం కోసం ఊళ్లు ఖాళీ చేయించే ప్రక్రియ ఏళ్ల తరబడి నడిచింది. అలాంటి చోట "మీకు అవకాశం ఇస్తే ఇక్కడి నుంచి లోపలికి మారడానికి ఇష్టపడతారా?" అని అడిగితే, పరిశోధనలో అది సర్దుబాటు సామర్థ్యానికి సంబంధించిన ప్రశ్న కావచ్చు గాని, వినేవాడికి అది భూసేకరణ నోటీసులా వినిపిస్తుంది. ఈ ప్రశ్నను నేను పూర్తిగా మానేశాను. దానికి బదులు ఇప్పటికే మారినవాళ్లు ఎలా మారారో అడుగుతాను. జరగబోయేదాని కంటే జరిగినది నమ్మదగిన సమాచారం.

మొదట కలవాల్సింది సర్పంచి ఒక్కరినే కాదు. మత్స్యకారుల ఊళ్లలో కులపెద్దల మాటకు పంచాయతీ కంటే ఎక్కువ బరువుంటుంది. ఉత్తరాంధ్రలో వాడబలిజలు, జాలరులు, గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో అగ్నికుల క్షత్రియులు, ఇలా ఒక్కో చోట ఒక్కో కట్టుబాటు. పెద్దల ముందు కూర్చుని, ఎక్కడి నుంచి వచ్చాం, ఎవరు డబ్బిస్తున్నారు, రాసుకున్నది ఎక్కడికి పోతుంది అన్న మూడు విషయాలు చెప్పాలి. నాలుగోది మరింత గట్టిగా చెప్పాలి: మా వల్ల మీకు ఏ పథకమూ రాదు, ఏ జాబితాలోనూ పేరు ఎక్కదు. తిత్లీ తుపాను తర్వాత నష్టపరిహారం లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్లను చూసిన జనానికి, పేరు రాసుకునే ప్రతివాడూ పరిహారం రాసేవాడే. మొదటి రోజే ఇంటి పేర్లు రాయడం మొదలుపెట్టిన మా బృందం దగ్గరికి మర్నాడు పొద్దున్నకల్లా పక్క పేట నుంచి నలభై మంది ఆధార్ కార్డులు పట్టుకుని వచ్చారు. వాళ్లకు నచ్చజెప్పి పంపడానికి ఒక రోజు పోయింది, ఆ పేటలో మాకు దక్కాల్సిన నమ్మకం దానికి ముందే పోయింది. అప్పటి నుంచి మొదటి మూడు రోజులు కాగితం బయటికి తీయకుండా తిరగడమే పద్ధతిగా పెట్టుకున్నాం.

ఒడ్డును కొలవడం

ఉపగ్రహ చిత్రాలు ఎంతో ఉపకరిస్తాయి గాని వాటి హద్దు తెలుసుకుని వాడాలి. 1980ల నుంచి దొరికే ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్లు, 2015 తర్వాతి సెంటినెల్ చిత్రంలో 10 మీటర్లు. ఏడాదికి రెండు మూడు మీటర్లు పోయే తీరంలో రెండేళ్ల తేడా చూసి ఏదో తేల్చాలనుకోవడం తప్పు, పాతికేళ్ల తేడా చూస్తే మాత్రం విషయం తెలుస్తుంది. పైగా ఇసుక రుతువును బట్టి వచ్చిపోతుంది. మన తీరంలో నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి నెడతాయి, మొత్తం మీద ఏడాది లెక్కలో ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. ఫిబ్రవరి చిత్రాన్ని ఆగస్టు చిత్రంతో పోల్చి "కోత" అని రాసిన విద్యార్థి పత్రాలు నేను చూశాను.

నేల మీద కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. తుపాను రక్షిత భవనం మెట్టు, గుడి ధ్వజస్తంభం, కరెంటు స్తంభం లాంటి కదలని గురుతును ఎంచుకుని, అక్కడి నుంచి పోటు నీరు చేరిన చెత్త గీత దాకా టేపు పట్టాలి. పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ కాబట్టి ప్రతిసారీ ఒకే తిథికి, ఒకే మాసంలో కొలవాలి. ఈ విషయంలో ఊరివాళ్లకు మనకంటే బాగా తెలుసు. వాళ్ల జ్ఞాపకం అంతా తిథుల మీద, పండుగల మీద నడుస్తుంది, "ఆ ఏడు కార్తీక పున్నమికి నీళ్లు రామమందిరం అరుగు దాకా వచ్చాయి" అన్న మాటను తేదీగా మార్చుకోవడం పంచాంగం చూసేవాడికి అయిదు నిమిషాల పని.

ఇక కారణాల గురించి. ఉప్పాడ తీరాన్ని చూసిన ప్రతివాడికీ "ఇదిగో వాతావరణ మార్పు" అని రాసేయాలనిపిస్తుంది. కాకినాడ నుంచి ఉప్పాడకు పోయే బీచ్ రోడ్డు ప్రతి పెద్ద తుపానుకూ దెబ్బతింటుంది, జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో, కట్టిన రక్షణ గోడ కూడా అలల ముందు నిలవలేదు. అయినా అక్కడి కోతనంతటినీ ఒకే ఖాతాలో వేయకూడదు. గోదావరి మీద ఆనకట్టలు, జలాశయాలు వచ్చిన కొద్దీ సముద్రానికి చేరే ఒండ్రు తగ్గింది. నది మొగ నుంచి ఉత్తరంగా పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ కాకినాడ అఖాతాన్ని కాపాడుతూనే, దాని అంచు దాటిన చోట అలల తాకిడిని, ఇసుక కదలికను మార్చింది. రేవుల నిర్మాణం మరొకటి. వీటి మీద సముద్రమట్టం పెరుగుదల వచ్చి కూర్చుంటోంది. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగిందనీ, 2006 తర్వాత ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరిందనీ వాతావరణ మార్పుపై అంతర ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2021 నివేదిక చెబుతోంది. దేశ తీరరేఖలో సుమారు మూడో వంతు కోతకు లోనవుతోందని జాతీయ తీర పరిశోధన కేంద్రం తేల్చింది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి మొదటిదే రెండోదానికి కారణమని చదువరి అనుకునేలా వదిలేయడం చాలా పత్రాల్లో కనిపించే దోషం. మీ ఊళ్లో ఏ కారణం ఎంత అన్నది తేల్చలేకపోతే, ఉన్న కారణాలన్నీ చెప్పి ఊరుకోవడం గౌరవప్రదమైన పని.

ప్రశ్నల వరుస

ఇంటర్వ్యూను ఇంటితో మొదలుపెట్టమని నా సలహా. "మీ పెళ్లయిన నాటికి మీ ఇల్లు ఎక్కడుండేది?" అని అడగండి, వీలైతే ఇంట్లో కూర్చోకుండా ఒడ్డుకు నడిచి వెళ్లి అడగండి. ఉప్పాడ ప్రాంతంలో ఒక మామ్మగారు ఈ ప్రశ్నకు జవాబుగా నన్ను సముద్రం వైపు తిప్పి నిలబెట్టి, "అదిగో, ఆ పడవ ఊగుతుంది సూడండి, అక్కడేశారు మా పెళ్లి పందిరి" అని వేలు చూపించారు. లంగరు వేసి ఉన్న ఆ పడవ ఒడ్డు నుంచి కనీసం వంద గజాల దూరంలో ఉంది. తర్వాత ఆవిడ చేయి కొంచెం ఇటు జరిగింది, అది రెండో ఇల్లు, తాటాకుది. ఇంకొంచెం ఇటు, రాళ్ల గుట్ట దగ్గర మూడోది, సిమెంటు అరుగుతో కట్టుకున్నది. అరుగు ముక్క ఒకటి రాళ్ల మధ్య ఇంకా కనిపిస్తోంది, దాని మీద పసుపు రాసిన గడప గుర్తు ఉందని ఆవిడ అన్నారు గాని నాకు కనపడలేదు. నాలుగోది ఇప్పుడు అద్దెకున్న గది. నాలుగు ఇళ్లు మారినా ఆవిడ ఊరు మారలేదు. ఊరి హద్దు దాటలేదు కనుక జనగణన లెక్కలో ఆవిడ జీవితంలో వలసే లేదు. పావుగంటలో ఆవిడ చేయి గీసిన పటం నా ప్రశ్నావళి రెండు నెలల్లో ఇవ్వలేదు.

ఇంటి తర్వాత పడవ. తెప్ప నుంచి ఫైబర్ తెప్పకు ఎప్పుడు మారారు, ఇంజను ఎప్పుడు పెట్టారు, ఒడ్డున లాగే అలివి వల ఎందుకు మానేశారు, ఇప్పుడు ఎంత దూరం పోతే చేప పడుతోంది, డీజిలు ఎంత తాగుతోంది. కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు ఏ నెలలో పడేవి, ఇప్పుడు ఏ నెలలో పడుతున్నాయి. "సర్దుబాటు" అని మనం పేరు పెట్టుకున్నదంతా ఈ జవాబుల్లోనే ఉంటుంది, జనం మాత్రం దానికి ఏ పేరూ పెట్టరు. చేప తగ్గిందంటే ఎందుకని అడిగితే పెద్ద ట్రాలర్లు అనో, పరిశ్రమల గొట్టాల నీళ్లు అనో, గంగమ్మ తల్లికి కోపం అనో చెబుతారు. ఏది చెబితే అది రాయాలి. మనకు కావలసిన జవాబు వైపు "ఎండలు పెరగడం వల్ల కూడా ఏమైనా..." అని తోయకూడదు. మర్యాదస్తుడైన మనిషి "ఔను, అదీ ఉంటాది" అంటాడు, ఆ ఒక్క మాట మన పత్రంలో శాతంగా మారిపోతుంది.

ఆ తర్వాతే ఊరు దాటినవాళ్ల ప్రస్తావన రావాలి. ఇక్కడ ఏళ్లను నేరుగా అడగకుండా అందరికీ గుర్తున్న సంఘటనలతో ఒక వరుస తయారు చేసుకోవాలి. కృష్ణా డెల్టాలో అయితే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనతో, కోనసీమలో 1996 నవంబరు 6 తుపానుతో మొదలుపెట్టవచ్చు. తీరమంతటికీ 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఉంది. విశాఖ వైపు 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, పలాస, ఉద్దానం వైపు 2018 అక్టోబరు 11 తిత్లీ. అందరికీ 2020 లాక్‌డౌన్. "తిత్లీకి ముందా తర్వాతా? తర్వాత ఎన్ని సంక్రాంతులకు?" అంటే తేదీ దానంతట అదే వస్తుంది.

ఈ వరుస ఎందుకు ముఖ్యమో ఒక కుటుంబం కథతో చెబుతాను. తిత్లీలో వాళ్ల ఫైబర్ తెప్ప ముక్కలైంది, వలలు పోయాయి. పరిహారం వచ్చింది గాని కొత్త తెప్పకు చాలలేదు. చేపలు కొనే సావుకారు దగ్గర అప్పు చేశారు, దాని షరతు పడిన చేపంతా ఆయనకే అమ్మాలని, ధర ఆయన చెప్పిందేనని. వేట బాగా లేని ఏడాది కావడంతో అప్పు తరగలేదు. మరుసటి ఆగస్టులో పెద్ద కొడుకు అదే ఊరి తండేలు, అంటే బోటు నడిపించే నాయకుడి దగ్గర అడ్వాన్సు తీసుకుని వీరావల్ బండెక్కాడు, ఆ అడ్వాన్సు సావుకారుకు పోయింది. ఎందుకు వెళ్లాడని తండ్రిని అడిగితే "అప్పు బావూ" అన్నాడు. తల్లిని అడిగితే "చెల్లి పెళ్లి" అంది. కొడుకునే తర్వాత అడిగితే "దోస్తులెల్నారు, నానూ ఎల్నాను" అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పారు, ముగ్గురిలో ఒక్కరూ తుపాను పేరు ఎత్తలేదు. తుపానుకు, ప్రయాణానికి మధ్య పది నెలల వ్యవధి, ఇద్దరు అప్పులవాళ్లు ఉన్నారు. తుపాను వచ్చిన నెలలో బస్సెక్కినవాళ్లను లెక్కపెట్టే పద్ధతిలో ఈ కుర్రవాడు ఎప్పటికీ దొరకడు. అలాగని అతన్ని "వాతావరణ శరణార్థి" అని రాసేయడం కూడా అతిశయమే. చెల్లెలి పెళ్లి లేకపోయినా, ఊళ్లో జెట్టీ ఉండి పెద్ద బోటు పెట్టుకునే వీలున్నా అతను వెళ్లేవాడో కాదో ఎవరమూ చెప్పలేం.

వెళ్లనివాళ్లను కూడా అదే శ్రద్ధతో అడగాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నష్టపోయినవాళ్లు చాలాసార్లు కదలలేకపోయినవాళ్లే. అడ్వాన్సు ఇచ్చే తండేలు బలమైన కుర్రవాణ్ణి చూసి ఇస్తాడు. కొడుకు లేని ఇంటికి, జబ్బు మనిషి ఉన్న ఇంటికి ఆ దారి కూడా లేదు.

లెక్క తెలిసిన చేతులు

ఇంటి లెక్క ఆడవాళ్లకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు. డ్వాక్రా సంఘం వాయిదా ఎప్పుడు, ఏ నగ ఎక్కడ తాకట్టులో ఉంది, చీటీ ఎవరు పాడుకున్నారు, వీరావల్ నుంచి డబ్బు ఎన్ని నెలలకు ఒకసారి వస్తుంది, ఫోన్ ఎప్పుడు కలుస్తుంది అన్నవన్నీ వాళ్ల వేళ్ల మీద ఉంటాయి. ఈ మాటలు రాబట్టడానికి బృందంలో ఒక స్త్రీ ఉండడం సౌకర్యం కాదు, అవసరం. ఎండుచేపలు ఆరబెట్టే చోట ఆమె కూడా పక్కన కూర్చుని చేపలు తిరగేస్తూ అడిగితే, అక్కా అని పిలిచి అడిగితే, నేను ముప్పై ఇళ్లలో వినలేని విషయాలు ఆమె ఒక్క మధ్యాహ్నంలో విని వచ్చింది. తాకట్టు కాగితాల తేదీలు అప్పుల వరుసకు గట్టి సాక్ష్యాలు. తమంతట తాము తెచ్చి చూపిస్తే చూడండి, అడిగి తెప్పించకండి, ఫోటో తీయకండి.

ఒక ప్రశ్నను మాత్రం ఏ రూపంలోనూ నేరుగా అడగకూడదు. సముద్రంలో తప్పిపోయి శవం దొరకని మనిషిని చట్టం ఏడేళ్ల వరకు మామూలుగా చనిపోయినట్టు భావించదు. ఆ మధ్యకాలంలో ఆ ఇల్లాలు బొట్టు పెట్టుకోవాలో తీసేయాలో తెలియని స్థితిలో ఉండవచ్చు. "భర్త ఏం చేస్తారు?" అని ఫారం వరుసలో అడిగి, అవతల నిశ్శబ్దం ఎందుకో అర్థం కాక పెన్ను పట్టుకుని ఎదురుచూసిన నిమిషం నాకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు "ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారమ్మా?" అని అడిగి, చెప్పినవాళ్లను రాసుకుని, చెప్పనివాళ్ల గురించి ఊళ్లో ఇంకొకరి దగ్గర తెలుసుకుంటాను. 2018 నవంబరు చివర గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ దళాలకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగి వచ్చారు. ఆ కుటుంబాల దగ్గరికి విలేకరులు, నాయకులు, పరిశోధకులు అప్పటికే చాలామంది వెళ్లారు. కొత్తగా అడిగేది ఏదీ లేకపోతే ఆ గుమ్మం ఎక్కవద్దు.

అవతలి రేవు

ఒక కొసలో మాత్రమే పని చేస్తే కథలో సగమే చేతికి వస్తుంది. వీలుంటే వీరావల్‌కో, చెన్నై కాశిమేడుకో, పారాదీప్‌కో వెళ్లాలి. వీరావల్‌లో బోటు ఒకసారి సముద్రంలోకి పోతే రెండు వారాలు, అంతకుమించి కూడా తిరిగి రాదు. మళ్లీ మంచు, డీజిలు, సరుకులు ఎక్కించుకునే రెండు మూడు రోజులే మనకు దొరికే సమయం. బోటు యజమాని శేఠ్ ఉండగా అడిగితే అన్నీ బాగున్నాయనే జవాబు వస్తుంది. తండేలు ఉండగా అడిగితే కూడా అంతే, ఎందుకంటే అడ్వాన్సు ఇచ్చింది, ఊళ్లో తల్లిదండ్రులకు జవాబుదారీగా ఉన్నది ఆయనే. నేను సాయంత్రాలు రేవు బయట జుట్టు కత్తిరించే దుకాణం దగ్గర కూర్చునేవాణ్ణి, నెలన్నర గడ్డంతో వచ్చిన తెలుగు కుర్రాళ్లు వంతు కోసం ఎదురుచూస్తూ తామే మాట కలిపేవారు. ఊళ్లో వాళ్ల అమ్మను కలిసి వచ్చానని చెబితే ముందు అడిగేది ఇంటి గురించి కాదు, "సముద్రం ఎందాక వొచ్చింది?" అని.

అక్కడి వరుసలో 2020 లాక్‌డౌన్ గురించి తప్పక అడగండి. వేల మంది ఆంధ్ర మత్స్యకారులు వీరావల్‌లో బోట్ల మీదే వారాల పాటు చిక్కుకుని, చివరకు బస్సుల్లో రాష్ట్రానికి చేరారు. తిరిగి వచ్చినవాళ్లలో ఎవరు మళ్లీ ఆగస్టులో వెళ్లారు, ఎవరు ఉండిపోయారు అన్నది వేరు చేసి చూస్తే, ఊళ్లో నిలవడానికి ఏమేం కావాలో తెలుస్తుంది. మా ఊళ్లలో ఉండిపోయినవాళ్లు ఎక్కువగా సొంత తెప్పలో కనీసం ఒక వాటా ఉన్నవాళ్లు.

రాసుకున్నదాన్ని ఏం చేయాలి

పేర్లను మొదటి రోజు రాత్రే సంకేతాలుగా మార్చి, అసలు జాబితాను వేరే చోట పెట్టాలి. తీర క్రమబద్ధీకరణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల పరిధిలో, పట్టా లేని స్థలాల్లో ఉన్న ఇళ్ల జీపీఎస్ గుర్తులను పత్రంలోనో పటంలోనో అచ్చంగా వేయకూడదు. మన పటం రేపు ఎవరి బల్ల మీద ఉంటుందో మనకు తెలియదు. మాటలను ఆ యాసలోనే రాసుకోవాలి, ఇంగ్లీషులోకి తిప్పి రాసుకుంటే "వేటకెళ్లాడు" అన్నది రెండో రోజుకే "వలస" అయిపోతుంది, నా మొదటి సున్నాలాగే తప్పుడు గడిలో కూర్చుంటుంది.

పని పూర్తయ్యాక తెలుగులో రెండు పేజీలు, ఒక పెద్ద పటం అచ్చు వేయించి ఊరికి పట్టుకెళ్లాలి. మేము రామమందిరం అరుగు మీద పటం పరిచిన రోజున, మొదట చెప్పిన ఆ పెద్దాయనే వచ్చి కూర్చుని, ములిగిపోయిన మంచినీళ్ల బావిని మేము గుర్తించిన చోట వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. బావి అక్కడ లేదట, ఇంకా లోపలికి, అంటే సముద్రం వైపు, రెండు తాళ్ల దూరంలో ఉండేదట. ఆయన కొలిచే తాడు పొడవు ఎంతో అడిగి, మనవడి చేత ఆ తాడు తెప్పించి టేపుతో కొలిచి, బావి గుర్తును అక్కడికి జరిపాం. 1990ల నాటి ఒడ్డు గీతను కూడా దానితో పాటు సముద్రం వైపు మార్చి మళ్లీ గీయాల్సి వచ్చింది.